ఎవరి కూతురుగా ఏడవాలి

"ఆ నల్ల రుమాలు దాని తలకు కట్టావంటే ఊరుకోను, కలీచా! కన్నతల్లి బతికుండగా పిల్ల చేత తల్లి పోయిన శోకం పెట్టిస్తావా? ఎక్కడైనా విన్నామా కన్నామా!"

ఉల్కానవ్వ అంత గొంతు ఎత్తుతుందని, చావు కోసం ఇంటి ముందు వేసిన ఆ గుడారంలో ఎవరూ అనుకోలేదు. ఆమె వంశానికంతా పెద్ద దిక్కు. పైగా రెండడుగుల దూరంలో, తెర వెనక, జూరకాన్ శవం ఉంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి చెవులు రిక్కించారు.

కలీచా చేతిలో రెండు నల్ల రుమాళ్లున్నాయి. ఒకటి తనకు, ఒకటి పట్నం నుంచి రావాల్సిన అరూకెకు. పోయిన తల్లికి కూతుళ్లు ఇద్దరని ఆమె వాదన. కడుపున పుట్టింది తను, కడుపులో పెట్టుకుని పెంచింది అరూకెను.

"దాని తల్లి అదిగో, తెర వెనక పడుకుని ఉంది," అంది కలీచా. "ఇంకో తల్లి ఎవరో నాకు తెలీదవ్వా."

"నీకు తెలీకపోతే ఊరికి తెలుసు. అదిగో, తలుపు దగ్గర గుడ్డలు చింపుతోందే, ఆ తల్లి."

అందరూ అనార్కుల్ వైపు తిరిగారు.

అనార్కుల్ ఆ ఇంటి కోడలు. తెల్లవారినప్పటి నుంచి తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని తెల్ల గుడ్డను పీలికలు చేస్తోంది. నిండు వయసులో పోయిన మనిషి ఆయుష్షు తమకూ రావాలని వచ్చిన ప్రతివాళ్లూ ఒక పీలిక అడిగి పట్టుకుపోతారు. జూరకాన్ పేరు మీద పీలికంటే చెప్పాలా, చింపినవి చింపినట్టే అయిపోతున్నాయి. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి, వాకిట్లోకి వచ్చిన కుక్కనైనా ఆకలితో పంపని మనిషి. అత్‌బాషి లోయలో ఇంకో అలాంటి ముసలమ్మ ఉండదని అంతా అంటున్నారు. అనార్కుల్ కూడా కాదనదు. అదే ఆమె బాధ.

"ఏమ్మా కోడలా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావేం?" ఉల్కానవ్వ చేతికర్రతో తివాచీని పొడిచింది. "ఆ పిల్ల తల్లి పోయిందని ఏడిస్తే ఆ కీడు ఎవరి మీద పడుతుంది? నీ మీదే గదా! నాయనమ్మ పోయిందని ఏడవమను, ఎవరు కాదన్నారు? చెప్పు. నువ్వు వద్దంటే ఇక్కడ ఒక్కరూ నోరెత్తరు."

ఇరవై ఏళ్లకు పైగా అనార్కుల్ ఎదురుచూసిన మాట అది. ఆ పిల్ల తల్లి నువ్వేనని నలుగురిలో ఒక పెద్దమనిషి నోట వినాలని. ఇప్పుడు వినబడింది. వినబడాల్సిన రోజు ఇదా అనిపించింది ఆమెకు.

"పిల్ల రానీ అవ్వా," అంది చివరికి. "దాని మొహం చూశాక చెప్తాను."

"వచ్చాక దాన్ని అడుగుతావా వదినా?" కలీచా గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "అమ్మ మీద ఇంకా పిడికెడు మట్టి పడలేదు. అప్పుడే పిల్లని పంచుకుంటున్నారా?"

అనార్కుల్ ఇంకో పీలిక చింపింది.

*

అరూకెను కన్నది అనార్కులే. ఆ సంగతి ఎవరూ దాచలేదు, అరూకెకూ తెలుసు. మొదటి బిడ్డను అత్తగారు అడిగితే కోడలు కాదనకపోవడం ఆ లోయలో తాతల నాటి నుంచి ఉన్నదే. అత్తగారు ఆ బిడ్డను తన కడగొట్టు బిడ్డగా పెంచుకుంటుంది, అమ్మా అని పిలిపించుకుంటుంది. కన్నవాళ్లు ఆ పిల్లకు అన్నా వదినలైపోతారు.

జూరకాన్ అడగడానికీ కారణం ఉంది. కొండ మీద చలికాలపు మకాంలో, దారులన్నీ మంచు మూసేసిన వారంలో, ఆమె ఆఖరి కూతురు జ్వరంతో ఒళ్లోనే పోయింది. ఆ తర్వాత ఆమె నవ్వడం మానలేదు. కాని ఖాళీ ఒడితో కూర్చోవడం మానేసింది. గొర్రెపిల్లో, పిండి గిన్నో, అతుకు వేయాల్సిన కోటో, ఏదో ఒకటి ఒళ్లో ఉండాల్సిందే.

అరూకెకు నలభై రోజులు నిండాక జూరకాన్ ఆ బిడ్డను తన గౌను మెడలోంచి లోపలికి దించి, కింద అంచు దగ్గర బయటికి తీసింది, తానే కన్నట్టు. చుట్టూ చేరిన ఆడవాళ్లు "సుఖప్రసవం, సుఖప్రసవం" అని వేళాకోళాలాడారు. అనార్కుల్ కూడా వాళ్లతో పాటు నవ్వింది. పంతొమ్మిదేళ్ల కోడలు, నవ్వక ఏం చేస్తుంది? నవ్వుతున్నంతసేపూ ఆమె జాకెట్టు పాలతో తడిసిపోతూనే ఉంది.

అత్తగారు రాక్షసి అయితే కోడలి బతుకు ఒక రకంగా తేలిక. కడుపారా తిట్టుకోవచ్చు. జూరకాన్ ఆ సుఖం కూడా ఇవ్వలేదు. కొత్త కోడలు చలికి వణుకుతుందని తానే ముందు లేచి పొయ్యి రాజేసేది. "అత్త లేచి పొయ్యి వెలిగిస్తే లోకం ఏమంటుంది?" అని అనార్కుల్ సిగ్గుపడితే, "నేను లేచింది దేవుడి కోసం. చేతులు ఖాళీగా ఉన్నాయి గదా అని పొయ్యి వెలిగించాను," అనేది. దేవుడి పేరెత్తితే ఉద్యోగాలు ఊడే రోజుల్లో ఆమె గొర్రెల సావిట్లో గోనె పరుచుకుని నమాజు చేసింది. ఉపవాసాల నెలలో కడుపునొప్పని చెప్పి ఊరి ఉమ్మడి పొలం పెద్దలను నమ్మించింది. ఏటేటా అదే నెలలో అదే కడుపునొప్పి వచ్చేది. ఆ కథ చెప్పి తానే పకపక నవ్వేది.

రాత్రి పిల్ల ఏడిస్తే తెచ్చి అనార్కుల్ పక్కలో పడుకోబెట్టేది. "పాలు నీవే తల్లీ. నేను దొంగను కాను," అనేది. పిల్ల తాగినంతసేపూ పక్కనే కూర్చుని తస్బీ జపమాల పూసలు తిప్పేది. తాగడం అయ్యాక తీసుకుపోయేది.

వేసవిలో, పచ్చిక మకాంలో, పిల్లకు మాటలొచ్చాయి. ఎవరో అనార్కుల్‌ను చూపించి "ఎవరే అది?" అంటే "వదిన" అంది. అందరూ ముద్దులు పెట్టేసుకున్నారు. అనార్కుల్ నీళ్ల బిందె తీసుకుని ఏటికి పోయి చాలాసేపటికి గాని రాలేదు. వచ్చేసరికి జూరకాన్ ఆవులన్నిటికీ పాలు పితికేసింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అడగలేదు.

*

గుడారం బయట అనార్కుల్ భర్త తుర్దుబెక్ నడుముకు పటకా బిగించి, చేతికర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు. వచ్చే జనాన్ని చూసి పెద్దగా ఏడవడం కొడుకు పని. జనం లేనప్పుడు మౌనంగా నిలబడటం కూడా కొడుకు పనే. అనార్కుల్ టీ గిన్నె పట్టుకొచ్చి అందించింది.

"లోపల గొడవ వినబడిందా?"

"వినబడింది."

"మీరైనా చెప్పండి. ఆ పిల్ల మీకు చెల్లెలా, కూతురా?"

తుర్దుబెక్ టీ తాగాడు. గిన్నెలో ఏమీ మిగలకపోయినా ఇంకోసారి ఎత్తి తాగాడు.

"అమ్మ ముందు చెల్లెలే," అన్నాడు.

"ఇప్పుడు అమ్మ లేదు గదా."

"అనార్, జనం చూస్తున్నారు."

"జనం చూడని రోజు ఎప్పుడుందండీ మనకి? పిల్ల పుట్టినప్పుడూ చూశారు. ఇచ్చినప్పుడూ చూశారు. మీరు ఒక్కసారి, మనిద్దరమే ఉన్నప్పుడైనా, మన పిల్ల అన్నారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "అలా అన్నాక నువ్వు ఆగగలిగేదానివా?" అన్నాడు చాలా నెమ్మదిగా. "నేను ఆగగలిగేవాణ్ణా?"

అంతలో వాకిట్లోకి పై ఊరి గుర్రాలు వచ్చాయి. తుర్దుబెక్ గిన్నె ఆమె చేతిలో పెట్టేసి, కర్ర మీదికి వంగి, "అమ్మా! నన్ను కన్న తల్లీ!" అని గొంతు చించుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. జనం రాగానే మొదలైనంత మాత్రాన ఏడుపు దొంగదైపోదు.

వచ్చినవాళ్లు దువా చేసుకుని లోపలికి వెళ్లాక ఇమాము దగ్గరికి వచ్చాడు. కుర్రవాడు. జూరకాన్ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"అన్నా, మధ్యాహ్నం నమాజు కాగానే ఎత్తాలి. పట్నం నుంచి అరూకె బండి కనుమ దాటిందట, వచ్చేస్తుంది. జనాజా ప్రార్థన దగ్గర జనాన్ని నువ్వు అడగాలి. మా అమ్మ ఎవరి మనసైనా నొప్పించి ఉంటే నన్ను అడగండి, ఆమెను మన్నించండి అని." గొంతు సవరించుకున్నాడు. "దానికంటే ముందు ఇంట్లోవాళ్లు మన్నించి ఉండాలి. ఇంట్లో ముడి అలాగే ఉంచి వీధిలో అడగకూడదని ఆవిడే చెప్పేది."

"ఇంట్లో అందరినీ అమ్మే అడిగింది," అన్నాడు తుర్దుబెక్. "మంచం పట్టాక ఒక్కొక్కరినీ పిలిచి చెయ్యి పట్టుకుని అడిగింది. నిన్ను కూడా అడిగింది గదా అనార్?"

"ఆఁ," అంది అనార్కుల్.

అబద్ధం. జూరకాన్ కొడుకుని అడిగింది. కూతుర్ని అడిగింది. ఆవులు కాసే పొరుగాయన్ని పిలిపించి, ఎప్పుడో నీ గొంగడి తడిపాను, మనసులో పెట్టుకోకు అని అడిగింది. అనార్కుల్ వంతు వచ్చేసరికి ఆమె చెయ్యి పట్టుకుని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదిలాయి. చివరికి, "పొయ్యి మీద టీ పొంగుతోందేమో చూడమ్మా," అంది.

పొయ్యి మీద టీయే లేదు. అయినా అనార్కుల్ లేచి వెళ్లి చూసింది. మర్నాడు తెల్లవారు నమాజుకు జూరకాన్ లేవలేదు.

అప్పటినుంచి అనార్కుల్‌ను తొలిచేస్తున్నది ఈ ఒక్కటే. అందరినీ అడిగిన మనిషి నన్నెందుకు అడగలేదు? నా దగ్గర తీసుకున్నది ఆవిడకు లెక్కలోకి రాలేదా? ఆవుల కాపరి గొంగడిపాటి చెయ్యలేదా నా బిడ్డ?

*

అరూకె బండి దిగినప్పుడు ఏడుపు వినబడుతుందేమోనని అందరూ చెవులొగ్గారు. దూరం నుంచే ఏడుస్తూ రావడం రివాజు. అరూకె ఏడవలేదు. పట్నం కోటు, మంచుకు తడిసిన బూట్లు, చేతిలో సంచీ. కనుమ దగ్గర దారి మూసుకుపోయి ఒక రోజంతా బండిలోనే కూర్చున్న పిల్ల. తుర్దుబెక్ ఆమెను కావలించుకుని బావురుమన్నాడు. "అన్నయ్యా," అని మాత్రం అంది.

గుడారంలోకి వచ్చాక కలీచా ఆమె మీద పడి ఏడ్చింది. అరూకె ఆమె భుజం నిమిరి, తెర ఎత్తి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చాక కూతుళ్ల చోటుకు పోకుండా సరాసరి తలుపు దగ్గరికి వచ్చింది.

"వదినా, ఒకసారి ఇంట్లోకి రా."

ఉల్కానవ్వ తల అడ్డంగా ఊపింది. కలీచా చేతిలోని రుమాలును నలిపేసింది. అనార్కుల్ లేచి వెనకాలే వెళ్లింది.

వంటింట్లో పళ్లెం నిండా నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు వేడివేడిగా ఉన్నాయి. చనిపోయినవాళ్లకు నూనె వాసన చేరాలని పొద్దుటి నుంచి వేయిస్తూనే ఉన్నారు. అరూకె వాటి వైపు చూసి మొహం తిప్పుకుంది.

"ఏమైనా తిన్నావా?" అంది అనార్కుల్. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు తల్లులు అడిగే మాట అది. వదినలు కూడా అడుగుతారు.

"పోయేముందు అమ్మ నాకు ఫోన్ చేసింది వదినా."

"ఊఁ."

"నీతో ఒక మాట అనమంది. ఇంట్లోనే ఉంది గదా, నువ్వే చెప్పరాదా అన్నాను. నా వల్ల కావట్లేదే, అంది."

అనార్కుల్ బల్ల అంచు పట్టుకుంది.

"అందరినీ అడిగాను, మీ వదినను ఒక్కదాన్నే అడగలేకపోయాను, అంది. అడిగితే అది కాదనదు. కాదనలేని మనిషిని అడిగి తీసుకుంటే అది మన్నింపు కాదే. ఒకసారి అలాగే అడిగి నిన్ను తీసుకున్నాను. మళ్లీ అలాగే అడిగి ఇది కూడా తీసుకోమంటావా, అంది." అరూకె సంచీని బల్ల మీద పెట్టింది. "నువ్వు అడుగు, నీకైతే అబద్ధం చెప్పదు అంది. అందుకని అడుగుతున్నా. వదినా, మా అమ్మ మీద నీ మనసులో ఏముందో అదే చెప్పు. మన్నించలేనంటే సరేనంటాను. ఎవరికీ చెప్పను."

మా అమ్మ. వదిన. రెండు మాటలూ ఒకే నోటి నుంచి, కన్నబిడ్డ నోటి నుంచి వచ్చాయి.

ఒక్కసారి నన్ను అమ్మా అను, మన్నిస్తాను. ఆ మాట అనార్కుల్ నాలుక చివరి దాకా వచ్చింది. అంటే చాలు, పిల్ల పిలుస్తుంది. పెంచిన తల్లి ఆత్మ కోసం ఏం చెయ్యమన్నా చేస్తుంది. కాదనలేని మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అత్తగారి చేతికి ఆ రోజు అందినట్టే.

అనార్కుల్ ఆ మాటను మింగేసింది.

"కోపం ఉందే," అంది. "లేదని ఎలా చెప్పను? ఆవిడ కాచిన టీ తాగుతూనే ఆవిడ మీద కోపం పెట్టుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు కొండలవతలకి నాతో వచ్చి, నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. అప్పుడూ కోపం ఉంది. ప్రాణం అడిగితే ఇచ్చేదాన్నే. కోపం మాత్రం పోలేదు."

"ఇప్పుడు?"

"ఆవిడ పోతే పోతుందనుకున్నాను. నిన్నటి నుంచి చూసుకుంటున్నాను, ఎక్కడుందా అని. నా బిడ్డ విలువ తెలియని మనిషి అనుకుని కోప్పడ్డాను. తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తెలుసన్నమాట." అనార్కుల్ నేల మీద చతికిలబడిపోయింది. "చెప్పొచ్చు గదే నాతో! ఒక్క మాట! ఇద్దరం కూర్చుని ఏడ్చుకునేవాళ్లం గదా!"

అరూకె పక్కన కూర్చుని ఆమె తలను గుండెకు హత్తుకుంది. "ఏడవకు వదినా. ఏడవకు," అని తానే వెక్కి వెక్కి ఏడ్చింది. బండి దిగినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"చెప్పు ఆవిడకి," అంది అనార్కుల్ కాసేపటికి. "మన్నించిందని చెప్పు. తనను కూడా మన్నించమందని చెప్పు. పో, త్వరగా. ఎత్తేస్తారు."

అరూకె లేచింది. గడప దగ్గర ఆగింది.

"నేను అమ్మా అని ఏడిస్తే నీకు కీడట గదా వదినా. బండి దిగగానే ఎవరో చెప్పారు. నాయనమ్మా అనే ఏడుస్తాలే." కళ్లు తుడుచుకుంది. "ఎప్పుడూ అలా పిలవలేదు, నోరు తిరుగుతుందో లేదో. కాని అనేస్తాను. నీకేమీ కాకూడదు."

*

"ఏం తేల్చారు?" అంది ఉల్కానవ్వ, వాళ్లింకా గుమ్మంలో ఉండగానే.

అనార్కుల్ కలీచా ముందు చెయ్యి చాపింది. "ఆ రుమాలు ఇలా ఇవ్వు."

కలీచా ఇవ్వలేదు. అనార్కుల్ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది. అరూకెను తన ముందు కూర్చోబెట్టుకుని, జుట్టు విప్పి, చిన్నప్పుడు ఎన్నడూ తనకు దక్కని ఆ జుట్టును రెండు చేతులా వెనక్కి దువ్వి, నల్ల రుమాలు కట్టింది. ముడి గట్టిగా వేసింది.

"వదినా, వద్దు," అంది అరూకె.

"కదలకు. జారిపోతుంది."

"నీ నెత్తిన నువ్వే మన్ను పోసుకుంటున్నావే," అంది ఉల్కానవ్వ. ఈసారి ఆ గొంతులో కోపం లేదు.

"పోసుకోనీ అవ్వా. అది ఎవరు పోతే ఏడుస్తోందో దానికి తెలుసు. అబద్ధపు పేరుతో ఏడిస్తే ఆ కీడు ఇంకా పెద్దది."

కలీచా పక్కకు జరిగి అరూకెకు చోటిచ్చింది. ఇద్దరు కూతుళ్లూ గుడారం తడికల వైపు మొహం పెట్టి, జనానికి వీపు చేసి కూర్చున్నారు. అనార్కుల్ లేచి వాళ్ల వెనక, కోడళ్ల వరసలో కూర్చుంది. అక్కడ కూర్చున్నవాళ్ల పని వంత పలకడం. శోకం పెట్టే కూతురు చివరి మాట అనగానే కోడళ్లందరూ ఆ మాటనే ఒక్క గొంతుతో అందుకోవాలి.

కలీచా మొదలుపెట్టింది.

"గొర్రెల సావిట్లో గోనె పరిచావే, గొంతెత్తకుండా దేవుణ్ణి పిలిచావే అమ్మా..."

"పిలిచావే అమ్మా," అన్నారు కోడళ్లు. అనార్కుల్ కూడా అంది.

"వచ్చినవాళ్లకి రొట్టె విరిచి, మిగిలిన అంచు నువ్వు తిన్నావే అమ్మా..."

"నువ్వు తిన్నావే అమ్మా."

తర్వాత అరూకె వంతు. సన్నని గొంతు, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"పోయిన బిడ్డ చోటు నాకిచ్చావే అమ్మా, దాని గోరువెచ్చని దుప్పటి నాకు కప్పావే అమ్మా..."

"కప్పావే అమ్మా."

మగవాళ్లు లోపలికి వచ్చారు. తెర లాగేశారు. తివాచీలో చుట్టిన జూరకాన్ ఎంత తేలికగా లేచిందో చూసి ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా మిన్నంటింది. తలుపు దాటిస్తున్నారు. ఆడవాళ్లు శ్మశానానికి పోరు. వాళ్లకు అదే ఆఖరు చూపు. అరూకె తడికను రెండు చేతులా పట్టుకుని గుండెలు పగిలేట్టు అరిచింది.

"నన్నెవరు అడిగేరే ఇంక, తిన్నావా అని? అమ్మ లేదే, నాకింక అమ్మ లేదే!"

"లేదే, అమ్మ లేదే," అని గుడారం అంతా అందుకుంది.

అనార్కుల్ అందుకోలేదు. నోరు తెరిచింది, మాట రాలేదు. అన్ని గొంతుల్లో ఒక్క గొంతు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు.

అరూకెకు తెలిసింది.

శోకం పెట్టే కూతురు తడిక వైపు నుంచి మొహం తిప్పకూడదు, శవం ఊరు దాటేదాకా తిప్పకూడదు. అరూకె తిరిగింది. వరసలో అందరినీ దాటి అనార్కుల్ కళ్లలోకే చూసింది.

"అటు తిరగవే!" అంది కలీచా పళ్ల బిగువున.

బయట తుర్దుబెక్ గొంతు వినబడుతోంది. "మా అమ్మ ఎవరి మనసైనా నొప్పించి ఉంటే నన్ను అడగండి. ఆమెను మన్నించండి." జనం మన్నించామంటున్నారు.

అరూకె చూపు ఎవరి మీదుందో చూసి కోడళ్లు ఆగిపోయారు. ఒక్క గొంతు తగ్గినా వంత పూర్తయినట్టు కాదు, వంత పూర్తి కాకుండా శోకం ముందుకు సాగదు. అందరూ అనార్కుల్ కోసం ఎదురుచూస్తున్నారు.

అనార్కుల్ కూతురి కళ్లలోకి చూస్తూ, పాటగా కాదు, మామూలుగా మాట్లాడినట్టు అంది.

"లేదే. ఈ పిల్లకింక అమ్మ లేదే."

ఉల్కానవ్వ చెవులు మూసుకుంది. కలీచా తర్వాతి చరణం ఎత్తుకుంది, కోడళ్లు మళ్లీ గొంతు కలిపారు. అరూకె మాత్రం తడిక వైపు తిరగలేదు.